కరెంటు ఛార్జీల పెంపు.. అడిగేదెవరు? అనుమతించేదెవరు?

భద్రాచలం: వంటగ్యాస్ బండ ధర పెరిగితే ఆ సంగతి వినియోగదారుకు పెరిగిన తరువాతనే తెలుస్తుంది. చమురు సంస్థలు ధర ప్రకటిస్తాయి, డీలరు ఆ ధరకే బండను ఇంటికి చేరుస్తాడు. పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి 2006 నాటి చట్టం ప్రకారం ఏర్పడినా, అది గ్యాస్ పైపులైన్ల రవాణా రుసుములను నిర్ణయిస్తుందే తప్ప ఇంట్లో వాడే గ్యాస్ ధరను నిర్ణయించదు. కరెంటు విషయం ఇందుకు పూర్తిగా భిన్నం. పంపిణీ సంస్థ యూనిట్‌పై ఒక్క పైసా పెంచాలన్నా ముందుగా తన జమాఖర్చులను నియంత్రణ మండలి ఎదుట ఉంచాలి. పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. అభ్యంతరాలకు లిఖితపూర్వకంగా సమాధానం చెప్పాలి. బహిరంగ విచారణకు హాజరు కావాలి. ఆ తరువాతనే మండలి ఉత్తర్వు వెలువడుతుంది.

ఈ విచారణలో ఎవరైనా పాల్గొనవచ్చు. న్యాయవాది అక్కరలేదు. తెలుగులో రాసిన కాగితం చాలు. అయినప్పటికీ నెలకు యాభై యూనిట్లు వాడే మన్యం గూడేల మాట అక్కడ వినిపించడం అరుదు. ఛార్జీల పెంపు ఏ విధంగా జరుగుతుంది, జిల్లా వినియోగదారు ఏ దశలో ఏమి చేయవచ్చు అన్న వివరాలు ఇవి.

బోర్డు నుంచి మండలి వరకు

1999కి పూర్వం ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్తు బోర్డే కరెంటును ఉత్పత్తి చేసేది, సరఫరా చేసేది, ఛార్జీలనూ నిర్ణయించేది. 1998లో వచ్చిన విద్యుత్తు సంస్కరణల చట్టంతో ఈ ఏర్పాటు మారింది. 1999 ఫిబ్రవరిలో బోర్డును ఉత్పత్తి సంస్థ జెన్‌కో, సరఫరా సంస్థ ట్రాన్స్‌కోలుగా విభజించారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో విద్యుత్తు నియంత్రణ మండలి ఏర్పడింది. 2000 సంవత్సరంలో పంపిణీ బాధ్యతను నాలుగు సంస్థలకు అప్పగించారు. వాటిలో ఉత్తర విద్యుత్తు పంపిణీ సంస్థ (ఎన్పీడీసీఎల్) పరిధిలోకి వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాలు వచ్చాయి. సంస్థ ప్రధాన కార్యాలయం హన్మకొండ నక్కలగుట్టలో ఉంది.

మండలి ఇచ్చిన తొలి ఛార్జీల ఉత్తర్వు 2000 మే నెలలో వెలువడింది. ఆ పెంపునకు వ్యతిరేకంగా రాష్ట్రమంతటా ఆందోళనలు చెలరేగాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు జరిపిన కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. కరెంటు ఛార్జీ అన్న మాట తెలుగునాట రాజకీయంగా ఎంత బరువైనదో నాటి నుంచి ప్రతి ప్రభుత్వానికీ తెలుసు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి ఆ సరఫరా 24 గంటలకు పెరిగింది.

రాష్ట్ర విభజన తరువాత 2014లో తెలంగాణకు వేరుగా నియంత్రణ మండలి ఏర్పాటైంది. ప్రస్తుతం విచారణలన్నిటికీ ఆధారం కేంద్ర విద్యుత్తు చట్టం-2003.

చట్టం ఏం చెబుతోంది?

2003 చట్టంలోని 62, 64 సెక్షన్లు ఛార్జీల నిర్ణయానికి సంబంధించినవి. పంపిణీ సంస్థ తన దరఖాస్తు సారాంశాన్ని ప్రజలకు తెలిసేలా ప్రచురించాలని 64వ సెక్షన్ చెబుతోంది. ప్రజల నుంచి వచ్చిన సూచనలు, అభ్యంతరాలన్నిటినీ పరిశీలించిన తరువాత, దరఖాస్తు అందిన 120 రోజుల్లోగా మండలి ఉత్తర్వు ఇవ్వాలి, లేదా కారణాలు చూపి దరఖాస్తును తిరస్కరించాలి. ఇంధన సర్దుబాటు మినహా, సాధారణంగా ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకటికి మించి ఛార్జీలను సవరించరాదన్న నిబంధన 62వ సెక్షన్‌లో ఉంది.

అదే సెక్షన్‌లో అడవి అంచు గ్రామాలు గుర్తుంచుకోవలసిన మరో మాట ఉంది. వినియోగదారుల మధ్య అకారణంగా తేడా చూపరాదు. అయితే వాడకం పరిమాణం, వాడే సమయం, సరఫరా ప్రయోజనం, ప్రాంతపు భౌగోళిక స్థితి వంటి వాటిని బట్టి వేర్వేరు ధరలు నిర్ణయించవచ్చు. అంటే మారుమూల ప్రాంతం అన్న కారణాన్ని మండలి ఎదుట వాదనగా పెట్టడానికి చట్టంలోనే చోటుంది. నెలకు 30 యూనిట్ల వంటి అతి తక్కువ వాడకం ఉన్న నిరుపేదలకు ప్రత్యేక ధర ఇవ్వవచ్చని జాతీయ టారిఫ్ విధానం కూడా పేర్కొంటోంది. ఆ ధర సగటు సరఫరా వ్యయంలో సగానికి తగ్గరాదన్న షరతు మాత్రం ఉంది.

ఏదైనా వర్గానికి రాయితీ ఇవ్వాలనుకుంటే రాష్ట్ర ప్రభుత్వం ఆ సొమ్మును పంపిణీ సంస్థకు ముందుగానే చెల్లించాలని 65వ సెక్షన్ నిర్దేశిస్తోంది. చెల్లించకపోతే మండలి నిర్ణయించిన అసలు ధరే వర్తిస్తుంది. ఉచిత విద్యుత్తు పథకాలన్నీ ఈ సెక్షన్ మీదనే నిలిచి ఉన్నాయి. 2024-25లో తెలంగాణ ప్రభుత్వం భరించిన విద్యుత్తు రాయితీ సుమారు 11,499 కోట్ల రూపాయలు.

పద్దులో ఏముంటుంది?

పంపిణీ సంస్థ ఏటా నవంబరు 30లోగా మండలికి సమర్పించవలసిన పత్రాన్ని వార్షిక ఆదాయ అవసరాల నివేదిక అంటారు. దీనినే ఏఆర్ఆర్ అని పిలుస్తారు. రానున్న ఏడాది ఎంత కరెంటు కొనాలి, దానికి ఎంత ఖర్చవుతుంది, తీగలు, స్తంభాలు, సిబ్బంది వ్యయమెంత, ప్రస్తుత ఛార్జీలతో వచ్చే ఆదాయమెంత, లోటెంత అన్నవి ఇందులో ఉంటాయి. ఆ లోటును పూడ్చుకునేందుకు ప్రతిపాదించేదే ఛార్జీల పెంపు.

ఈ ఖర్చులో అతి పెద్ద భాగం కరెంటు కొనుగోలుదే. స్థూలంగా చెప్పాలంటే రూపాయిలో ముప్పావలా దానికే పోతుంది. కొనుగోలు ధరకు రెండు భాగాలుంటాయి. బొగ్గు వంటి ఇంధనానికి అయ్యేది చర వ్యయం. కేంద్రం నిర్మాణానికి పెట్టిన పెట్టుబడి, అప్పు, వడ్డీల కోసం చెల్లించేది స్థిర వ్యయం. తాళం వేసి ఉంచినా ఇంటి అద్దె కట్టక తప్పనట్లే, ఒప్పందం చేసుకున్న కేంద్రం నుంచి కరెంటు తీసుకోకపోయినా స్థిర వ్యయం చెల్లించవలసిందే. అందుకే ఏ కేంద్రం ఎంత ఖర్చుతో, ఎంత ఆలస్యంతో పూర్తయిందన్నది చివరకు ఇంటి బిల్లులో తేలుతుంది.

ఈ లెక్క మన జిల్లాకు దూరపు సంగతి కాదు. పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రం (కేటీపీఎస్) 1966లో ఉత్పత్తి ప్రారంభించింది. పాత కేంద్రం మూతపడగా దాని శీతలీకరణ గోపురాలను 2024 ఆగస్టులో కూల్చివేశారు. 800 మెగావాట్ల ఏడో దశ 2018 డిసెంబరులో వచ్చింది. మణుగూరు వద్ద 270 మెగావాట్ల చొప్పున నాలుగు యూనిట్లతో, మొత్తం 1,080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రం 2020, 2022 సంవత్సరాల మధ్య పూర్తయింది. పాత తరహా సాంకేతికతతో నిర్మించారన్న విమర్శపై 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కేంద్రాన్నీ, ఛత్తీస్‌గఢ్ కరెంటు కొనుగోలునూ న్యాయ విచారణ సంఘం పరిధిలోకి తెచ్చింది. మొదట జస్టిస్ ఎల్.నరసింహారెడ్డి, తరువాత జస్టిస్ మదన్ బి.లోకూర్ ఆ సంఘానికి నేతృత్వం వహించారు.

చౌకగా కరెంటు ఇచ్చే దిగువ సీలేరు జలవిద్యుత్కేంద్రం సైతం ఒకప్పుడు ఖమ్మం జిల్లాలోనిదే. చింతూరు మండలం మోతుగూడెంలోని ఆ 460 మెగావాట్ల కేంద్రం 2014లో మండలంతో పాటు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది.

50 పైసలే అయినా...

తెలంగాణలో 2019-20 నుంచి 2021-22 వరకు పంపిణీ సంస్థలు కొత్త ఛార్జీల ప్రతిపాదనలు పెట్టలేదు. పాత ధరలే కొనసాగాయి. తరువాత 2022-23కు గాను సుమారు 6,831 కోట్ల రూపాయల అదనపు ఆదాయం వచ్చేలా పెంపును ప్రతిపాదించాయి. గృహాలకు యూనిట్‌కు 50 పైసలు, ఇతరులకు రూపాయి చొప్పున పెంచాలన్నది వాటి కోరిక. మండలి 2022 మార్చి 23న ఉత్తర్వు ఇచ్చింది. కొత్త ధరలు ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

అందరికీ ఒకే 50 పైసలు అంటే సమానంగానే పెరిగినట్లు పైకి కనిపిస్తుంది. నెలకు 50 యూనిట్ల లోపు వాడే ఇంటికి యూనిట్ ధర 1.45 రూపాయల నుంచి 1.95 రూపాయలకు చేరింది. ఇది 34 శాతం పెరుగుదల. నెలకు 800 యూనిట్లు దాటినవారికి ఆ పైన వాడే యూనిట్ ధర 9.50 నుంచి 10 రూపాయలైంది. ఇది 5 శాతం కంటే కొంచెమే ఎక్కువ. రెండు బల్బులు, ఒక ఫ్యాను, సెల్‌ఫోన్ ఛార్జింగుతో సరిపెట్టుకునే ఇంటిపై పడిన భారం, ఏసీలు నడిచే ఇంటి భారం కంటే శాతంలో ఆరు రెట్లకు పైగా ఉంది.

ఇదే ఉత్తర్వులో మరో శ్లాబును చూడాలి. నెలకు 101 నుంచి 200 యూనిట్ల వరకు వాడే ఇళ్లకు తొలి వంద యూనిట్ల ధర 3.30 రూపాయల నుంచి 3.40 రూపాయలకు మాత్రమే పెరిగింది. అక్కడ మండలి 10 పైసలతో ఆగింది. అడుగు శ్లాబులో 50 పైసలు పూర్తిగా అమలయ్యాయి. ప్రతిపాదించినదంతా యథాతథంగా ఆమోదం పొందదనీ, ప్రతి శ్లాబుకూ వేరుగా వాదన వినిపించవచ్చనీ ఈ తేడా తెలియజేస్తోంది.

2024-25లో ఈ సంగతి మరింత స్పష్టమైంది. నెలకు 300 యూనిట్లు దాటిన ఇళ్లకు స్థిర ఛార్జీని కిలోవాట్‌కు 10 రూపాయల నుంచి 50 రూపాయలు చేయాలని, పరిశ్రమల ధరలను సవరించాలని పంపిణీ సంస్థలు కోరాయి. వాటి ద్వారా సుమారు 1,200 కోట్ల రూపాయలు వస్తాయని అంచనా. 2024 అక్టోబరు 28న ఇచ్చిన ఉత్తర్వులో మండలి ఇందులో అధిక భాగాన్ని అంగీకరించలేదు. స్థిర ఛార్జీ పెంపును 800 యూనిట్లు దాటినవారికే పరిమితం చేసింది. 2025-26కు ఛార్జీలు పెరగలేదు.

నూటొకటో యూనిట్

బిల్లు చూసి వినియోగదారులు ఎక్కువగా తికమకపడేది శ్లాబుల వద్దనే. 2022 ఉత్తర్వుతో వచ్చి 2025-26లోనూ కొనసాగిన తెలంగాణ గృహ ధరలు ఇలా ఉన్నాయి. నెలకు 100 యూనిట్లు మించని ఇంటికి తొలి 50 యూనిట్లు 1.95 రూపాయల చొప్పున, తరువాతి 50 యూనిట్లు 3.10 రూపాయల చొప్పున. 100 దాటి 200 లోపు వాడితే తొలి వంద 3.40 రూపాయలు, మిగిలినవి 4.80 రూపాయలు. 200 దాటితే తొలి 200 యూనిట్లకూ 5.10 రూపాయలు, ఆపై 300 వరకు 7.70 రూపాయలు.

సరిగ్గా 100 యూనిట్లు వాడిన ఇంటికి కరెంటు ధర 252.50 రూపాయలు. 101 యూనిట్లు వాడితే 344.80 రూపాయలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 92.30 రూపాయలు. 200 యూనిట్లకు 820 రూపాయలు కాగా 201 యూనిట్లకు 1,027.70 రూపాయలు. ఇక్కడ ఒక్క యూనిట్ 207.70 రూపాయలు పలుకుతుంది. గీత దాటగానే మొదటి యూనిట్ నుంచీ ఎక్కువ ధర వర్తించడమే ఇందుకు కారణం. స్థిర ఛార్జీ, వినియోగదారు ఛార్జీ, విద్యుత్తు సుంకం వీటికి అదనం.

ఇప్పుడు గృహజ్యోతి పథకం ఉన్నందున ఈ లెక్కతో పనిలేదని చాలామంది భావిస్తారు. 2024 మార్చి నుంచి బిల్లుల్లో అమలైన ఈ పథకం కింద ఆహార భద్రత కార్డు ఉన్న అర్హులకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తుంది. అయితే 200 దాటిన నెలలో పైన చెప్పిన మొత్తం ధర చెల్లించవలసి ఉంటుంది. కార్డు లేనివారికి, పథకంలో పేరు నమోదు కానివారికి శ్లాబు ధరలే దిక్కు. సున్నా బిల్లుకైనా ప్రభుత్వం మండలి నిర్ణయించిన ధర చొప్పుననే పంపిణీ సంస్థకు చెల్లిస్తుంది. పథకం ఏ ప్రభుత్వమైనా మార్చవచ్చు. అసలు ధరను నిర్ణయించేది మాత్రం మండలి ఉత్తర్వే.

ఒకే అడవి.. రెండు ధరలు

పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు, పట్టణం మినహా భద్రాచలం మండలం తూర్పుగోదావరి జిల్లాలోకి వెళ్లాయి. కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు పశ్చిమగోదావరి జిల్లాలో చేరాయి. దీంతో భద్రాచలం పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఎటపాకలో కరెంటు ధర నిర్ణయించేది ఆంధ్రప్రదేశ్ మండలి. పట్టణంలో నిర్ణయించేది తెలంగాణ మండలి. చింతూరు దాటి కుంటలో అడుగుపెడితే ఛత్తీస్‌గఢ్ మండలి పరిధి. బంధువులు, వారపు సంతలు, భాష ఒకటే అయినా బిల్లులు వేరు.

ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందు గృహ వినియోగదారులు మూడు గ్రూపులుగా ఉండేవారు. 2022 ఏప్రిల్ నుంచి గ్రూపులను తొలగించి అందరికీ ఒకే శ్లాబుల వరుసను అమలు చేశారు. తొలి 30 యూనిట్లు 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50 రూపాయలు, 225 వరకు 6 రూపాయలు. ఈ పద్ధతిలో ఎక్కువ వాడినా కింది యూనిట్ల ధర మారదు.

రెండింటినీ పోల్చితే 50 యూనిట్లకు తెలంగాణలో 97.50 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 117 రూపాయలు. 100 యూనిట్లకు వరుసగా 252.50, 304.50 రూపాయలు. 101 యూనిట్ల వద్ద లెక్క తలకిందులవుతుంది. తెలంగాణలో 344.80 రూపాయలు కాగా ఆంధ్రప్రదేశ్‌లో 309 రూపాయలు. 201 యూనిట్లకు తెలంగాణలో 1,027.70 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 873 రూపాయలు. గీత దాటిన ఇంటిపై ఒక్కసారిగా భారం పడని పద్ధతి పక్క మండలంలోనే అమల్లో ఉంది. తెలంగాణ మండలి ఎదుట ఈ విషయాన్ని ఉదాహరణగా చూపవచ్చు.

అయితే ఆంధ్రప్రదేశ్ బిల్లుల్లో శ్లాబు ధరతో కథ ముగియదు. ఇంధన, కొనుగోలు వ్యయ సర్దుబాటు కింద యూనిట్‌కు 40 పైసల వరకు నెలనెలా వసూలు చేసే పద్ధతి 2023లో వచ్చింది. 2022-23 నాటి సర్దుబాటు కిందనే 6,072 కోట్ల రూపాయల వసూలుకు అక్కడి మండలి 2024లో అనుమతించింది. ప్రకటించిన ధర మారకుండానే బిల్లు పెరగవచ్చు అనడానికి ఇది నిదర్శనం.

వాయిదా వేసినా వదలదు

ఛార్జీలు పెంచకపోతే మేలే కదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. లోటును ఎవరో ఒకరు భరించవలసిందే. మండలి ఆమోదించిన అంచనాకూ, అసలు అయిన ఖర్చుకూ తేడాను తరువాత వసూలు చేయడాన్ని ట్రూఅప్ అంటారు. తెలంగాణ పంపిణీ సంస్థలు 2006-07 నుంచి పేరుకున్న ఇటువంటి బకాయిలను ఒక్కసారిగా ముందుకు తెచ్చాయి. వాటిలో 12,718 కోట్ల రూపాయలను ఐదేళ్లలో తానే భరిస్తానని రాష్ట్ర ప్రభుత్వం ముందుకు రావడంతో, 2023 మార్చిలో ఆ భారం బిల్లుల నుంచి ఖజానాకు మారింది. బిల్లు రూపంలో కాకపోయినా పన్ను రూపంలో కట్టేది ప్రజలే.

ప్రతిపాదనలు దాఖలు చేయకుండా ఏళ్లు గడపడాన్ని విద్యుత్తు అప్పిలేట్ ట్రైబ్యునల్ 2011 నవంబరులోనే తప్పుపట్టింది. సంస్థలు రాకపోతే మండళ్లే స్వయంగా విచారణ చేపట్టాలని ఆదేశించింది. పేరుకున్న బకాయిలను నిర్ణీత గడువులోగా తీర్చాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 6న తీర్పు చెప్పింది. ఎన్నికల ఏడాదిలో ఆపిన పెంపు మరో ఏడాది ముందుకు రావడానికి ఇదీ నేపథ్యం. కనుక ఏటా సక్రమంగా లెక్కలు బయటపెట్టాలని కోరడం వినియోగదారుల ప్రయోజనాల దృష్ట్యా కూడా అవసరం.

విచారణలో ఏమి అడగవచ్చు?

ధర పెంచవద్దు అన్న ఒక్క వాక్యంతో రాసిన వినతికి, లెక్క చూపి వేసిన ప్రశ్నకు మధ్య వ్యత్యాసం ఉంటుంది. ఎం.వేణుగోపాలరావు, ఎం.తిమ్మారెడ్డి వంటి వారు ఏళ్ల తరబడి తెలుగు రాష్ట్రాల విచారణలకు హాజరవుతూ పంపిణీ సంస్థల అంకెలను పంక్తి పంక్తిగా ప్రశ్నిస్తున్నారు. వ్యవసాయ వాడకం అంచనా వారంతా తరచుగా లేవనెత్తే అంశం. పంపుసెట్లలో అత్యధిక భాగానికి మీటర్లు లేవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల వద్ద నమూనాగా కొలిచి మొత్తం వాడకాన్ని లెక్కగడతారు. ఆ అంచనాను ఎక్కువ చేసి చూపితే తీగల్లో పోయే నష్టం, చౌర్యం తక్కువగా కనిపిస్తాయి. రైతు పేరున రాసిన ఆ కరెంటు ఖర్చు తిరిగి ప్రభుత్వ రాయితీ మీద, ఇతర వినియోగదారుల మీద పడుతుంది.

సరఫరా నాణ్యతనూ ప్రస్తావించవచ్చు. లో ఓల్టేజీ, గాలివానకు రోజుల తరబడి నిలిచిపోయే సరఫరా, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మార్చడంలో జాప్యం వంటివి తేదీలతో రాస్తే సంస్థ సమాధానం ఇవ్వక తప్పదు. సేవా ప్రమాణాలు పాటించకపోతే వినియోగదారుకు పరిహారం చెల్లించాలని 57వ సెక్షన్ చెబుతోంది. అడవిలో తీగలు వేయడానికి అనుమతుల్లేవన్న సమాధానం వచ్చినప్పుడు అటవీ హక్కుల చట్టం-2006ను గుర్తు చేయాలి. ఆ చట్టం ప్రకారం గ్రామసభ సిఫారసుతో, ఒక్కొక్క పనికి హెక్టారు లోపు అటవీ భూమిని విద్యుత్తు లైన్లకు మళ్లించవచ్చు.

అభ్యంతరం పంపే విధానం

పత్రికా ప్రకటన: దాఖలైన ప్రతిపాదనల సారాంశం, అభ్యంతరాలకు చివరి తేదీ, విచారణ స్థలం, సమయం తెలుగు, ఆంగ్ల పత్రికల్లో వస్తాయి. ఆ ప్రకటనను భద్రపరచుకోవాలి. అభ్యంతరం చేరవలసిన చిరునామాలు అందులోనే ఉంటాయి.

పత్రాల పరిశీలన: పూర్తి నివేదిక మండలి, పంపిణీ సంస్థల వెబ్‌సైట్లలో ఉంటుంది. జిల్లా స్థాయిలో సూపరింటెండింగ్ ఇంజినీరు (ఆపరేషన్) కార్యాలయంలోనూ ఉచితంగా చూసి రాసుకోవచ్చు.

రాసే పద్ధతి: పూర్తి పేరు, తపాలా చిరునామా, సంతకం తప్పనిసరి. సంఘం లేదా గ్రామం తరఫున రాస్తే ఆ సంగతి పేర్కొనాలి. ఏ శ్లాబుపై, ఏ అంకెపై అభ్యంతరమో వరుస సంఖ్యలతో రాయాలి. పాత బిల్లుల నకళ్లు జతచేస్తే బలం చేకూరుతుంది.

పంపవలసిన చోటు: ఒక ప్రతి ప్రకటనలో పేర్కొన్న ఎన్పీడీసీఎల్ అధికారికి, మరొకటి నియంత్రణ మండలి కార్యదర్శికి పంపాలి. రిజిస్టర్డ్ పోస్టు రసీదును దాచుకోవాలి. విచారణలో స్వయంగా మాట్లాడదలచినవారు ఆ మాటను అభ్యంతరంలోనే తెలపాలి.

విచారణ రోజు: ఎన్పీడీసీఎల్ పరిధి విచారణ సాధారణంగా హన్మకొండలో జరుగుతుంది. భద్రాచలం నుంచి అది సుమారు 200 కిలోమీటర్ల దూరం. చర్ల, దుమ్ముగూడెం నుంచి ఇంకా ఎక్కువ. కూలి మానుకుని వెళ్లడం అందరికీ సాధ్యం కాదు. అయితే హాజరు కాలేకపోయినా గడువులోగా అందిన లిఖిత అభ్యంతరానికి సంస్థ సమాధానం ఇవ్వాలి. మండలి తుది ఉత్తర్వులో దానిని పరిగణనలోకి తీసుకోవాలి. మన్యం ప్రాంతంలోనూ విచారణ జరపాలని కోరుతూ అదే కాగితంలో రాయవచ్చు. వినియోగదారుల తరఫున మాట్లాడేందుకు తగిన వ్యక్తికి అధికారమిచ్చే వెసులుబాటు 94వ సెక్షన్ కింద మండలికి ఉంది.

బిల్లు తప్పయితే దారి వేరు

మీటరు తిరగకపోవడం, తప్పుడు రీడింగు, వాడకానికి మించిన బిల్లు వంటి సొంత ఫిర్యాదులు ఛార్జీల విచారణలోకి రావు. వాటికి ముందుగా 1912 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. పరిష్కారం కాకపోతే పంపిణీ సంస్థ ఏర్పాటు చేసిన వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు, ఆపైన విద్యుత్తు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఈ రెండింటినీ 42వ సెక్షన్ కల్పించింది. ఛార్జీల ఉత్తర్వుపైనే అసంతృప్తి ఉంటే 45 రోజుల్లోగా ఢిల్లీలోని అప్పిలేట్ ట్రైబ్యునల్‌ను ఆశ్రయించాలి. అది సామాన్యుడికి భారమైన పని. కనుక ఉత్తర్వు రాకముందే అభ్యంతరం దాఖలు చేయడం అన్ని విధాలా సులువు.

గుర్తుంచుకోవలసిన తేదీలు

నిబంధన ప్రకారం నవంబరు 30 నాటికి ప్రతిపాదనలు దాఖలు కావాలి. సక్రమంగా జరిగిన ఏడాది శీతకాలంలో పత్రికా ప్రకటన, ఫిబ్రవరి, మార్చి నెలల్లో విచారణ, మార్చి చివర ఉత్తర్వు, ఏప్రిల్ 1 నుంచి కొత్త ధర అమలు ఉంటాయి. 2024-25లో మాదిరిగా దాఖలులో జాప్యం జరిగితే తేదీలన్నీ జరుగుతాయి. గ్రామ పంచాయతీలు, మహిళా సంఘాలు, రైతు సంఘాలు డిసెంబరు నుంచే పత్రికలను గమనిస్తూ ఉంటే అభ్యంతరం రాయడానికి తగినంత వ్యవధి చిక్కుతుంది. బిల్లు చేతికి వచ్చాక చేసే ఆందోళన కంటే, గడువులోగా మండలికి చేరిన ఒక కాగితానికి చట్టం ఎక్కువ విలువ ఇస్తోంది.